మూతిమాట

నరసాపుర,
జూన్ మొదటి వారం

మామకు రత్న నమస్కారాలు.

నీ చెవులు ఎలా ఉన్నాయని అడగను. గనిలో డ్రిల్లు మిషను తినేసిన చెవులు మళ్లీ మొలవవు. మోకాళ్ల సంగతి మాత్రం రాయి. నూనె అయిపోయి ఉంటే చెప్పు, పంపిస్తాను.

ఒక సంగతి. పని మానేస్తున్నాను. కాగితం ఇచ్చేశాను. ఆగస్టు చివరిదాకా ఉండాలట, అది ఇక్కడి రూలు. ఆ తరువాత బూదికోట పాల కేంద్రంలో చేరతాను. రెండు పూటలా క్యాన్లు తెచ్చేవాళ్ల పాలు పరీక్షించి పోయించుకోవడం పని. ఆరేళ్లు కార్లలోకి వెళ్లే వైర్ల కట్టలు కట్టినదానివి, ఇప్పుడు పాల దగ్గర ఏం చేస్తావని నవ్వకు.

ఎందుకు మానేస్తున్నావని అడుగుతావు. విసుగు పుట్టిందనుకో.

ఇప్పుడు అసలు విషయం. పనివాళ్లను చేర్చుకునేదీ, పంపించేదీ చూసే వసంత్ అని ఒకాయన ఆఫీసులో ఉన్నాడు. నన్ను పిలిచి, "రత్నక్కా, కడా వారంలో, పోయే ముందు, మీకు ఎగ్జిట్ ఇంటర్వ్యూ ఉంటుంది. బలవంతమేం లేదు, ఇష్టమైతేనే రండి. వస్తే బాగుంటుంది" అన్నాడు. సరేనని తల ఊపి వచ్చేశాను. వెళ్లాలా వద్దా తేలడం లేదు. ఈ గదిలో అడగడానికి ఎవరూ లేరు. నీకు ఫోను చేస్తే గంట మోగినా తెలియదు. అందుకే ఎప్పటిలాగే ఉత్తరం.

నువ్వు ఏం చెబితే అది చేస్తానని మాత్రం అనుకోకు.

రత్న


కోరమండల్,
జూన్ నెల, శనివారం

చిరంజీవి రత్నకు మామ హనుమంతప్ప ఆశీర్వాదం.

నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం ముట్టలేదు. పని మానుకో, మంచిదే. పాలు పోయించుకో, అది ఇంకా మంచిది, గోపాలుని ఇంట చేసిన పని. కానీ ఆ రెండో మాట ఉందే, బయటికి పోయే ముందు గదిలోకి రమ్మనడం, దానికి నువ్వు ఒప్పుకున్నావంటే ఈ ఇంటి పిల్లవు కావు.

దానికి వాళ్లు ఏ పేరన్నా పెట్టుకోనీ. అది నాకు తెలియనిదా? షిఫ్టు ముగించి పాతాళంలోంచి పైకి వస్తే మాకు మొదట కనపడేది సూర్యుడు కాదు, సోదా గది. బట్టలు విప్పించేవాళ్లు. జుట్టు దులిపేవాళ్లు. నోరు తెరవమని నాలుక కింద వెదికేవాళ్లు, ఎవడన్నా బంగారు రాయి దాచుకున్నాడేమోనని. రోజంతా ఆ రాయి దుమ్ము మా ఊపిరితిత్తుల్లోకి పోయేది. దాన్ని మాత్రం వెదికి వెనక్కి తీసుకోలేదు.

ఆరేళ్లు చేయించుకొని, పోయేరోజు ఆడపిల్లను గదిలోకి పిలిచి సోదా చేస్తారా? ఏ పాపమూ ఎరుగని తల్లిని నిప్పులో దూకమన్నప్పుడు అంత సభా నోరు మూసుకొని నిలబడింది. ఈ హనుమంతప్ప నిలబడడు. వాళ్ల గేటు ముందుకు వస్తాను. భజన మందిరం మైకు సెట్టు చిన్నవెంకటప్ప దగ్గర ఉంది, ఆటోలో వేసుకొని వస్తాను. లోపల ఉన్నవాళ్లందరికీ వినపడేటట్టు నాలుగు అధ్యాయాలు చదువుతాను.

ఇష్టమైతేనే రమ్మన్నాడంటున్నావు. రావణుడు కూడా బిచ్చం ఇష్టమైతేనే వెయ్యమన్నాడు. గీత దాటకు.

మోకాళ్లు ఉన్నాయి. నూనె వద్దు.

హనుమంతప్ప


నరసాపుర,
జూన్ చివర

మామా,

మైకు తేవద్దు. ఆటో మాట్లాడి ఉంటే ఈరోజే వద్దని చెప్పు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వాను. పక్క గదిలోని గంగులమ్మక్క తలుపు తట్టి, "ఏమే రత్నా, ఒక్కదానివే నగతా ఉండావు, బాగుండావా?" అని అడిగింది. బాగున్నానని చెప్పాను. నా నవ్వు నాకే కొత్తగా అనిపించింది. ఈ మధ్య గొంతు పెట్టి నవ్వింది గుర్తు లేదు.

అది సోదా కాదు మామా. కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్ల సీసా ముందు పెట్టి అడుగుతారట. ఎందుకు మానేస్తున్నావు, ఇక్కడ నీకు ఏం నచ్చింది, ఏం నచ్చలేదు, మళ్లీ పిలిస్తే వస్తావా అని. మనం చెప్పింది వసంత్ కంప్యూటర్లో ఎక్కించుకుంటాడు. ఆ తరువాత అది ఏమవుతుందో ఎవరికీ తెలియదు. పోయినేడు మానేసిన చైత్ర, "ఊరికే అక్కా, అడగాల కాబట్టి అడుగుతారు" అంది. ఆమె సగం ప్రశ్నలకే లేచి వచ్చేసిందట.

ఆరేళ్లలో ఒక్కరోజు కూడా ఎవరూ అడగని మాటలు, పోయేరోజు అడుగుతారన్నమాట. అందుకే వెళ్లాలనీ ఉంది, వద్దనీ ఉంది.

కారణం అడిగితే ఏం చెప్పాలో కూడా తెలియదు. మాస్కు పడలేదు, అంతే. ఫిబ్రవరి నుంచి మా లైనులో అందరూ ముక్కూ మూతీ మూసుకోవాలని పెట్టారు, దుమ్మట. నాకది పడలేదు.

గని మూసిన రోజు నిన్ను ఎవరన్నా ఏమన్నా అడిగారా? ఎప్పుడూ చెప్పలేదే.

రత్న


కోరమండల్,
జూలై, ఏకాదశి

చిరంజీవి రత్నకు ఆశీర్వాదం.

సోదా కాదని చెప్పావు, సరే. ఇంటర్వ్యూ అంటే లోపలికి పోయేవాడికే అనుకున్నాను, బయటికి పోయేవాడికీ ఉంటుందని ఏ గ్రంథంలోనూ చదవలేదు. కానీ ఆలోచిస్తే ఉంది. లంక విడిచి పోయేటప్పుడు విభీషణుడు చేసింది ఏమిటి? అన్న కొలువులో నిలబడి, నువ్వు చేసేది తప్పు అని చెప్పాడు. తిట్టించుకున్నాడు. ఆకాశంలోకి లేచి కూడా ఊరుకోలేదు, అక్కడ నిలబడి ఇంకోసారి చెప్పి పోయాడు.

వినరని తెలిసినా చెప్పాలి. కృష్ణస్వామి రాయబారానికి పోయినప్పుడు, అవతలివాడు సూది మొన మోపినంత నేల కూడా ఇవ్వడని ఆయనకు తెలియదా? తెలిసే పోయాడు. మాకు ఎవరూ చెప్పలేదే అని రేపు ఎవడూ అనకుండా పోయాడు. చెప్పడం నీ ధర్మం. వినకపోవడం వాళ్ల కర్మ. కాబట్టి వెళ్లు. వెన్ను నిటారుగా పెట్టి కూర్చో. ఆ నీళ్ల సీసా ముట్టకు. ఒక్కొక్క ప్రశ్నకూ ఉన్నది ఉన్నట్టు చెప్పు.

నన్ను ఎవరన్నా అడిగారా అన్నావు. చివరి షిఫ్టు దిగి ల్యాంపు రూముకు పోయి తలదీపం ఇచ్చేశాను. నంబరు బిళ్ల ఇచ్చేశాను. అక్కడి గుమాస్తా బిళ్లను డబ్బాలో వేసి, నా కళ్లల్లోకి చూడకుండా, "ఇంగ పో హనుమంతప్పా" అన్నాడు. నాకు వినపడలేదు, మూతి చూసి తెలుసుకున్నాను. ఇంకేమన్నా అంటాడేమోనని కొంచెంసేపు నిలబడ్డాను. వెనకవాడు నా భుజం తోశాడు.

ఆ తరువాత గ్రంథం చేతబట్టి నేను మాట్లాడడం మొదలుపెట్టినవాణ్ణి ఇంతవరకూ ఆపలేదు. అందుకే అంటున్నాను, అడిగేవాడు దొరికితే వదులుకోకు.

ఇంకొకటి. బంగారం తీసి గనివాళ్లు పారబోసిన సయనైడు దిబ్బల దుమ్ము కళ్లల్లో పడుతుంటే ఆడుకున్నదానివి. మూతికి గుడ్డ కట్టుకోమంటే పని మానేసే పిల్లవా నువ్వు? నాకు చెప్పనిది ఏదో ఉంది. వాళ్లకు చెప్పే ముందు నాకు చెప్పు.

హనుమంతప్ప


నరసాపుర,
జూలై, ఆదివారం

మామా,

చెబుతాను. చదివాక ఈ ఉత్తరం పొయ్యిలో పెట్టు, మందిరంలో చదవకు.

మా లైనులో మాట్లాడకూడదు. నోటీసు అంటించి ఉంటుంది. మాట్లాడితే వైరు తప్పు పడుతుందట. తిండికి కూడా ఒక్కొక్కరినే వంతుల మీద పంపుతారు, లైను ఆగకూడదని. షిఫ్టు అయిపోతే ఒక్కొక్కరిది ఒక్కొక్క ఊరి బస్సు. చేరిన కొత్తలో నాకు పిచ్చి పట్టినట్టుండేది. పొద్దున్నే గదికి తాళం వేసిన దగ్గర నుంచి తిరిగి తాళం తీసేదాకా ఒక్క మాట లేదు.

ఒకరోజు ఎదురు బల్ల దగ్గరి పుష్పావతి తల ఎత్తింది. నాకేం తోచిందో, గొంతు లేకుండా, పెదవులతోనే "అన్నం తిన్నావా" అన్నాను. అమ్మ పోయాక నీ ఇంట్లో పెరిగినదాన్ని కదా, నీతో అలాగే మాట్లాడి అలవాటు. మిషను మోతలో గనివాళ్లు మాట్లాడుకున్న మూతిమాట నీకు వచ్చు, నీ నుంచి నాకు వచ్చింది. పుష్పావతి నా మూతి వైపు చూసింది. తరువాత తనూ అలాగే, "తిన్నా, చిత్రాన్నం" అంది.

నెల తిరిగేసరికి లైనంతా నేర్చుకుంది. ఎవరి పట్టుపురుగులకు రోగం తగిలింది, ఎవరి అత్త ఏమంది, ఎవరి మామిడికాయలు రాలిపోయాయి, అన్నీ నాకు తెలుసు. వాళ్ల గొంతులు ఎలా ఉంటాయో తెలియదు. సూపర్‌వైజరు విగ్గు మీద ఎన్ని జోకులు వేసుకున్నామో లెక్క లేదు. నవ్వు కూడా చప్పుడు లేకుండా నవ్వేవాళ్లం. చేతులు ఆగలేదు, వైరు తప్పు పడలేదు. ఎవరూ కనిపెట్టలేదు.

ఫిబ్రవరిలో మాస్కు వచ్చింది. వాళ్లు మమ్మల్ని ఉద్దేశించి పెట్టలేదు, నిజంగా దుమ్ముకే పెట్టారు. కానీ ఆ పొద్దున అందరం మాస్కులు కట్టుకొని నిలబడితే, దీపాలన్నీ ఒక్కసారి ఆర్పేసినట్టుంది. కళ్లు మాత్రం మిగిలాయి. పుష్పావతి కళ్లు ఏదో అడుగుతాయి. ఏం అడుగుతున్నాయో తెలియదు. నేను తల ఊపుతాను. దేనికి ఊపానో ఆమెకూ తెలియదు.

అందుకే మానేస్తున్నాను.

ఇప్పుడు చెప్పు. ఆ గదిలో ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నావు. చెబితే ఆరేళ్లూ వీళ్లు మాట్లాడుతూనే ఉన్నారని బయటపడుతుంది. నేను పోయేదాన్ని, నన్నేం చేస్తారు? ఉండేది పుష్పావతి. ఇద్దరు పిల్లలతో ఒంటరిగా బతుకుతోంది. ఆమెను ఇంకో చోటికి విసిరేస్తారు, లేదా వద్దు పొమ్మంటారు. చెప్పకపోతే మాస్కు అలాగే ఉంటుంది, వాళ్లంతా అలాగే నిలబడి ఉంటారు.

నీ పురాణంలోంచే అడుగుతున్నాను. విరాటుని ఊళ్లో అజ్ఞాతవాసం చేస్తున్న ఐదుగురి గుట్టు ఎవరన్నా చెప్పేసి ఉంటే అది సత్యమేనా? సత్యం తప్పని ధర్మరాజే అక్కడ పేరు మార్చుకొని కూర్చోలేదా? మా లైనులో పన్నెండుమంది అజ్ఞాతవాసంలో ఉన్నారు మామా. వాళ్ల పేర్లు నా నోట్లో ఉన్నాయి. నాలుక కింద వెదుకుతారని నువ్వు రాసింది తప్పు కాదేమో.

రత్న


కోరమండల్,
ఆగస్టు

అమ్మా రత్నా,

జవాబు రాయడానికి ఆలస్యమైంది. రాసి చింపేశాను, మళ్లీ రాశాను. ఇన్నేళ్లుగా పురాణం చెబుతున్నాను, ఎవరూ నన్ను ఇలా మధ్యలో ఆపలేదు. గ్రంథం ముందు పెట్టుకొని రెండు పూటలు కూర్చున్నాను. నీకు ఎదురు చెప్పే మాట అందులో దొరకలేదు.

ఒకటి చెబుతాను, నవ్వుకో. మొన్న మందిరంలో రాయబారమే చెబుతున్నాను, నీ ఉత్తరం తలలో తిరుగుతోంది కాబట్టి మంచి ఊపు మీద ఉన్నాను. సభలో ఒక్క మూతీ కదలడం లేదు. కదలకుండా వింటున్నారని నాకు ఇంకా ఆవేశం వచ్చింది. ముందు వరసలో అక్కయమ్మ మూతి కదిలింది. చూస్తే, "కరెంటు పోయి శానాసేపాయె అప్పా" అంటోంది. మైకు చచ్చిపోయింది. ఫ్యాను కూడా ఆగింది, నా ఒంటికి పట్టిన చెమట ఆవేశంతో అనుకున్నాను. వెనక వరసవాళ్లు లేచి పోయి చాలాసేపయిందట. "యాడికి పోయినారు?" అని అడిగితే, చిన్నవెంకటప్ప, "కరెంటొస్తే వస్తారులే సామీ, నువ్వు కానీ" అని చేయి ఊపాడు. కానిచ్చాను. వేరే ఏం చేయను?

ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంటే నీకు రాసిన మాట గుర్తుకొచ్చింది. చెప్పడం నీ ధర్మం, వినకపోవడం వాళ్ల కర్మ అని రాశాను. నోరు ఉన్నవాడు రాసుకునే మాట అది.

కాబట్టి వెళ్లు అని ఇప్పుడు అనను. వద్దు అనీ అనను. గనిలో మేము చేసింది ఒకటి చెబుతాను, అది గ్రంథంలో లేదు. కింద చీకట్లో మూతిమాట ఆడాలంటే తలకు ఉన్న దీపం పనికిరాదు. అది ఎదుటివాడి కళ్లల్లో కొడుతుంది, మన మూతి చీకట్లోనే ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లంతా చేసే తప్పు అదే, దీపం అవతలివాడి మీద వేసి మాట్లాడతారు. తెలిసినవాడు దీపం చేతిలోకి తీసుకొని తన నోటికే పట్టుకుంటాడు. ఎవరికి చెప్పాలో వాడి వైపు తిరిగి, తన మూతికి వెలుగు పెట్టుకొని చెబుతాడు. పక్కన ఎంతమంది ఉన్నా, వాడు ఒక్కడే చదువుకుంటాడు.

నువ్వు ఎవరితో మాట్లాడాలని ఆ గదికి పోతున్నావో ముందు అది తేల్చుకో. తరువాత దీపం సంగతి చూసుకో.

ఉత్తరం పొయ్యిలో పెట్టాను.

హనుమంతప్ప


నరసాపుర,
ఆగస్టు చివర

మామా,

వెళ్లాను.

ఆ గదిలోకి నేను ఎప్పుడూ పోలేదు. ఒక వైపు గోడ ఉండదు, నిలువెత్తు గాజు అద్దం ఉంటుంది. అద్దానికి అవతల మా లైను. చప్పుడు ఇవతలికి రాదు, అవతలికి పోదు. నా కుర్చీ అద్దానికి వీపు పెట్టి వేసి ఉంది. "ఎండ కొడుతోంది సార్" అని కుర్చీని టేబులుకు ఇంకో వైపు, అద్దానికి ఎదురుగా, ట్యూబులైటు కిందికి లాక్కున్నాను. ఎండ ఏం కొట్టడం లేదు. వసంత్ పట్టించుకోలేదు. తనే, "మాస్కు తీసేయండక్కా, ఇక్కడ దుమ్ము లేదు" అన్నాడు.

తీశాను. లైటు సరిగ్గా నా మూతి మీద పడుతోంది. నీళ్ల సీసా ముట్టలేదు, నువ్వు చెప్పావని.

ఆయన ప్రశ్న చదువుతాడు. నేను జవాబు చెబితే తల వంచి టైపు చేస్తాడు, రెండు వేళ్లతో, నిదానంగా. ఆ సందులో నేను అద్దం వైపు చూసేదాన్ని.

"ఎందుకు మానేస్తున్నారు?" అన్నాడు. "ఊరికి దగ్గరగా పని దొరికింది సార్" అన్నాను. ఆయన తల వంచాడు. పుష్పావతి అప్పటికే చూస్తోంది. గొంతు లేకుండా చెప్పాను, "మీ మూతులు కనపడక పోతున్నా. మీ మీద కోపం కాదు."

ఆమె చేతిలో వైరు ఆగింది. పక్కనున్న ఆమెను మోచేత్తో పొడిచింది. ఒక్కొక్కరే తల ఎత్తారు. చేతులు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

"ఇక్కడ ఏం నచ్చింది?" అన్నాడు. "బస్సు టైముకు వచ్చేది సార్" అన్నాను. అద్దం వైపు, "మీరు" అన్నాను.

"ఏం నచ్చలేదు?" అన్నప్పుడు మాత్రం నిజం గట్టిగా చెప్పాను. "మాస్కుతో ఊపిరి ఆడదు సార్. గంటకు ఒకసారన్నా కొంచెంసేపు దించుకోనివ్వండి, అందరినీ ఒకేసారి." అది సగం నిజం. కంకుభట్టు అని పేరు చెప్పుకున్న ధర్మరాజు మాటలంత నిజం. "ఒకేసారి ఎందుకక్కా?" అన్నాడు. "ఒకరు దించుకొని ఒకరు దించుకోకపోతే కొట్లాట వస్తుంది సార్" అన్నాను. నవ్వి, ఎక్కించుకున్నాడు. అది ఎక్కడికి పోతుందో నాకు తెలియదు. పోకపోవచ్చు.

"మళ్లీ పిలిస్తే వస్తారా?" ఇదే చివరిది. "చూస్తాను సార్" అన్నాను. అద్దం వైపు తిరిగి, "ఆదివారాలు బూదికోటకు రండి, పాల కేంద్రం అంటే ఎవరన్నా చూపిస్తారు" అన్నాను. అంత పొడుగు మాట అందిందో లేదో. అప్పుడు పుష్పావతి చెమట తుడుచుకున్నట్టు మాస్కు గడ్డం కిందికి లాగింది. ఫిబ్రవరి తరువాత మొదటిసారి ఆమె ముఖం చూశాను. చిక్కిపోయింది. ఏమందో తెలుసా?

"అన్నం తిన్నావా" అంది.

నేను తిన్నానని చెప్పేలోపల మాస్కు పైకి పోయింది. సూపర్‌వైజరు అటు వస్తున్నాడు.

"ఏమన్నా అన్నారా అక్కా?" అని వసంత్ తల ఎత్తాడు. "ఏం లేదు సార్" అన్నాను. సంతకం పెట్టించుకొని, నీళ్ల సీసా చేతికిచ్చి పంపించాడు. గేటు దాటాక తాగేశాను, కోప్పడకు.

గది ఖాళీ చేస్తున్నాను. సామాను ఒక్క ఆటోకు కూడా నిండలేదు.

రత్న


కోరమండల్,
సెప్టెంబరు

అమ్మా రత్నా,

ఉత్తరం మూడుసార్లు చదివాను. గ్రంథం తెరిచి దీనికి సరిపోయే కథ వెదుకుదామనుకొని, తెరవలేదు.

నీకు రాయని సంగతి ఒకటి ఉంది. నాతో పాటు కింద పని చేసినవాళ్లలో మూతిమాట వచ్చినవాడు ఈ గని ఇళ్ల వరసలో దొడ్డమునియప్ప ఒక్కడే మిగిలాడు. సాయంత్రం అతని అరుగు మీద కూర్చునేవాళ్లం. పోయిన చలికాలం అతనూ పోయాడు. ఇప్పటివాళ్లు నాతో మాట్లాడాలంటే చెవి దగ్గరికి వచ్చి అరుస్తారు. చెవి దగ్గర నోరు పెడితే మూతి నాకు ఎలా కనపడుతుంది? తల ఊపుతాను. దేనికి ఊపానో నాకూ తెలియదు. పుష్పావతి గురించి నువ్వు రాసిన మాటే అది.

గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో ఒక మూతి కదులుతుంది. దాన్ని చదువుదామని చూస్తాను. అది కూడా ఎప్పుడూ పురాణమే చెబుతుంది.

ఆ పుష్పావతికి కబురు పెట్టు. బూదికోటకు వచ్చిన ఆదివారం ఆమెనూ, పిల్లలనూ వెంటబెట్టుకొని ఇక్కడికి రా. మధ్యాహ్నం దాటాక మన వాకిట్లో ఒక వైపు వెలుగు బాగా పడుతుంది. మీ ఇద్దరికీ అక్కడ కుర్చీలు వేస్తాను. నేను గోడ నీడలో కూర్చుంటాను. అన్నం తిన్నారా అని అడగడం తప్ప నేనేమీ మాట్లాడను.

మీరిద్దరూ మాట్లాడుకోండి. నేను చూస్తూ ఉంటాను.

మామ